ఏటి ఒడ్డున ఆపిన మాట

మా తమ్ముడు పోవడానికి నెలా పది రోజుల ముందు మేము నలుగురం ఒక రిసార్టుకి వెళ్ళాం. నేను, తమ్ముడు, అతని భార్య, వాళ్ళ ఎనిమిదేళ్ళ కూతురు. తిరునెల్వేలి దాటాక, ఊరికి దూరంగా, తామ్రపర్ణి ఒడ్డున ఉంటుంది ఆ రిసార్టు. కుటుంబంతో ప్రశాంతంగా గడపడానికి అనువైన చోటు అని గేటు దగ్గర పెద్ద బోర్డు. అది చదివి తమ్ముడు "సరిగ్గానే రాసినారు" అని నవ్వాడు. మేము వెళ్ళింది విహారానికి కాదు. తను ఇంక ఎక్కువ రోజులు బతకనన్న సంగతి భార్యకి చెప్పడానికి ఒక మంచి చోటు కావాలని అతనే వెతికి పట్టుకున్నాడు.

మాది కడంబూరు దగ్గర ఒక పల్లె. నల్లరేగడి నేల, వానాధారపు సేద్యం. మినుము వేస్తాం, మొక్కజొన్న వేస్తాం, ఆకాశం కేసి చూస్తాం. నన్ను విరుదునగర్‌లో ఇచ్చారు. అక్కడే ఒక బడి ఆఫీసులో పని చేస్తాను. మా ఇళ్ళలో తెలుగు, గడప దాటితే తమిళం. మావాళ్ళు తెలుగు మాట్లాడతారే గానీ చదవరు. నేనొక్కదాన్నే పెద్దయ్యాక పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాను.

ఈ తెలుగుతో మాకొక అలవాటు ఉంది. నలుగురిలో ఉన్నప్పుడు బయటివాళ్ళ చెవిన పడకూడని మాటేదన్నా ఉంటే తెలుగులోకి మారిపోతాం. చీరల కొట్లో రంగు నచ్చకపోతే తెలుగు. బస్సులో పక్క సీటావిడ నగల గురించి తెలుగు. పెళ్ళిచూపుల్లో పిల్లాడి తల్లి ఎదురుగా కూర్చుని ఆమె గురించే తెలుగు. తలుపు వేసుకుని మాట్లాడుకున్నంత ధైర్యంగా మాట్లాడుకుంటాం. పట్టుబడ్డ సందర్భాలు లేకపోలేదు. అయినా బుద్ధి రాలేదు.

మా మరదలు తమిళుల పిల్ల. కోవిల్‌పట్టిలో టైపింగ్ నేర్పే చోట తమ్ముడు చూసి ఇష్టపడ్డాడు. మా అమ్మ ఏడాదిపాటు మొహం మాడ్చుకుని తర్వాత ఒప్పుకుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక రోజు ఆ పిల్ల అమ్మకి అన్నం వడ్డిస్తూ, ఎంత సాధన చేసిందో పాపం, తెలుగులో ఒక మాట అన్నది. ఇల్లంతా గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. అంతటితో ఊరుకోక, ఆ తర్వాత రెండు మూడు పెళ్ళిళ్ళలో ఆమె అన్న తీరుని అనుకరించి జనాన్ని నవ్వించాను. నా నోరు అలాంటిది. ఆమె మళ్ళీ ఎప్పుడూ తెలుగులో నోరు విప్పలేదు. ఆమెకి తెలుగు రాదని మేము తీర్మానించేశాం. పదేళ్ళు అదే తీర్మానం. బిడ్డ మాతో తెలుగూ తల్లితో తమిళమూ ఒకే వంటింట్లో మాట్లాడుతూ పెరిగింది. అది వింటూ కూడా మాలో ఒక్కరికీ అనుమానం రాలేదంటే మమ్మల్ని ఏమనాలి?

మదురైలో డాక్టరు సంగతి చెప్పినప్పుడు గదిలో నేనూ తమ్ముడూ మాత్రమే ఉన్నాం. మరదలు బయట మందుల చీటీ పట్టుకుని వరుసలో నిలబడి ఉంది. క్యాన్సరు కాలేయం నిండా పాకిందనీ, కోసినా లాభం లేదనీ, నెలల్లోనే లెక్క అనీ ఆయన మెల్లగా చెప్పాడు. బయటికి వచ్చి మరదలితో తమిళంలో, చిన్న గడ్డ, మందులతో కరిగిపోతుంది అని చెప్పింది నేనే. ఆమె తలూపింది. తిరుగు దారిలో బాడుగ కారు. ముందు డ్రైవరు, వెనక మేము ముగ్గురం, ఆమె కిటికీ పక్కన. విరుదునగర్ వచ్చి నేను దిగేదాకా నేనూ తమ్ముడూ తెలుగులో అదే మాట్లాడుకున్నాం. ఎన్ని నెలలు, నొప్పి ముదిరితే ఏం చేయాలి, అమ్మకి ఎప్పుడు చెప్పాలి, పొలం ఎవరు చూస్తారు. ఒక్క మాట కూడా గొంతు తగ్గించి అనలేదు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

రెండు వారాల తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, దానికి చెప్పేస్తాను. దాచేదానికి నా చేత కాలేదు. ఇంట్లో అయితే అమ్మ ఉండాది, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు ఉండారు. ఎక్కడన్నా ఒక మంచి తావుకి పిల్చుకోని పోయి నిదానంగా చెప్తాను. నువ్వు కూడా రా. అది తట్టుకోకపోతే పట్టుకునేదానికి ఒక మనిషి కావాల."

నాకిష్టం లేదు. చెప్పి ఏం లాభం, ఉన్న నాలుగు రోజులూ ఏడుపులే కదా అన్నాను. అతను వినలేదు. సరే అని వెళ్ళాను. ఈ విషయంలో నా పెత్తనం చెల్లలేదని లోపల కొంచెం ఉడుకుమోత్తనం కూడా ఉంది. ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు.

మొదటి రోజంతా చెప్పకుండానే గడిచిపోయింది. గది ముందు వరండా, వరండా ముందు పచ్చిక, పచ్చిక చివర ఇనుప కంచె, కంచె అవతల ఏరు. మా పల్లెలో వారానికి రెండుసార్లు ట్యాంకరు వస్తే బిందెలు పట్టుకుని పరిగెత్తే మనుషులం. ఇక్కడ అడిగేవాడు లేకుండా నీళ్ళు పోతున్నాయి. తమ్ముడు వరండాలో కుర్చీ వేసుకుని వాటినే చూస్తూ, "ఇంత నీళ్ళు ఊరికే పోతా ఉండాయి చూడక్కా" అన్నాడు. వాడి పంటంతా రెండేళ్ళుగా ఎండిపోయింది. నాకు ఆ ఏటి మీద కోపం వచ్చింది.

భోజనాల హాల్లో ముప్పై రకాల గిన్నెలు. వాడు ఒక ఇడ్లీ తీసుకుని సగం వదిలేశాడు. మిగిలిన సగాన్ని మరదలు ఏమీ అనకుండా తన పళ్ళెంలోకి మార్చుకుని తినేసింది. వడ్డించేవాడు వచ్చి, వంట నచ్చలేదా సార్ అని అడిగాడు. బాగుంది, కడుపు నిండింది అన్నాడు తమ్ముడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం కొట్టుకున్నాడు.

సాయంత్రం పచ్చిక మీద ఆటలు పెట్టారు. మైకు పట్టుకుని ఒక అమ్మాయి కుటుంబాలన్నిటినీ పేరుపేరునా పిలిచింది. కుర్చీలాటలో మరదలూ కూతురూ దిగారు. చివరికి మరదలే గెలిచింది. బహుమతిగా ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా ఇచ్చారు. దాన్ని తలమీద పెట్టుకుని కూతుర్ని నవ్విస్తూ మా దగ్గరికి వచ్చింది. ఆ నవ్వు చూసి తమ్ముడు నాతో, "ఈ దినం వద్దులేక్కా. రేపు చెప్తాను" అన్నాడు. నేను హమ్మయ్య అనుకున్నాను.

రెండో రోజు పొద్దున ఫలహారాలయ్యాక ఏటి మెట్ల దగ్గరికి వెళ్ళాం. నీళ్ళలో దిగకూడదని అక్కడొక బోర్డు, దాని పక్కన ఈల మెడలో వేసుకుని ఒక కాపలా మనిషి. బిడ్డ ఉయ్యాల దగ్గర ఉంది. తమ్ముడు పై మెట్టు మీద కూర్చున్నాడు. నేను అతనికి ఇటుపక్క. మరదలు రెండు మెట్లు కింద, కోవిల్‌పట్టి నుంచి తెచ్చుకున్న వేరుశెనగ మిఠాయి పొట్లం విప్పి, వాడు నమలగలిగేంత చిన్న ముక్కలుగా విరుస్తోంది.

తమ్ముడు ఆమెని పిలిచాడు. నీతో ఒక మాట చెప్పాలి అన్నాడు తమిళంలో. ఆమె మిఠాయి పక్కన పెట్టి, చేతులు చీర కొంగుకి తుడుచుకుని, పూర్తిగా అతని వైపు తిరిగి కూర్చుంది. చెప్పండి అన్నది. వాడు గొంతు సవరించుకున్నాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. చిన్నప్పటినుంచీ అంతే. బడికి పోయినా, పోట్లాడినా, పెళ్ళి చేసుకున్నా ముందు నా మొహం చూసేవాడు.

నేను తల తిప్పి బిడ్డ దూరంగానే ఉందా అని చూశాను. ఉంది. ఎదురుగా ఉన్న మనిషి వింటుందేమో అని మాత్రం చూడలేదు. తెలుగులో అన్నాను:

"ఇప్పుడొద్దు రా. ఆ పిల్ల తట్టుకోదు. నీకు నెలో రెండు నెలలో అని ఈడ చెప్పితే నలుగురిలో పడి పొర్లుతుంది. కాపలావాడు చూస్తా ఉండాడు. ఇంటికి పోయినాక చెప్పుకోవచ్చు. ఇంగా టైం ఉండాది."

వాడు కాసేపు ఏటి వైపు చూశాడు. ఆమె కదలకుండా వాడినే చూస్తోంది. తర్వాత వాడు తమిళంలో, ఏం లేదు, బిడ్డకి వచ్చే ఏడు సైకిల్ కొనిద్దామని అన్నాడు. ఆమె ఇంకాసేపు అలాగే చూసింది. సరే కొందాం అన్నది. మిఠాయి ముక్క ఒకటి తీసి వాడి చేతిలో పెట్టింది. అప్పుడు ఆమె మొహం ఎలా ఉందో నేను చూసుకోలేదు. గండం తప్పించాననే సంతోషంలో ఉన్నాను.

మూడో రోజు ఇంటికి వచ్చేశాం. వచ్చిన వారానికే వాడికి పచ్చకామెర్లు వచ్చాయి. ఇంట్లో మనుషులు, అమ్మ, చుట్టాలు, నాటువైద్యం చెప్పేవాళ్ళు. చెప్పుకోవడానికి సందు దొరకలేదు. తర్వాత మత్తు. తర్వాత ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం. గొట్టం వేశాక వాడు నాలుగు రోజులున్నాడు. ఆమె వాడి కాళ్ళ దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేది. వాడు కళ్ళు తెరిచినప్పుడల్లా ఆమెనే చూసేవాడు, నన్ను కాదు. ఏదో అనాలని చూసేవాడు, గొట్టం అడ్డం. కాగితం పెన్ను ఇస్తే వేళ్ళు పట్టలేదు.

పదహారో రోజు కర్మ అయిపోయి, చుట్టాలందరూ వెళ్ళిపోయిన మధ్యాహ్నం, వంటింట్లో మేమిద్దరమే ఉన్నాం. నేను ఇత్తడి గిన్నెలు తోముతున్నాను. ఆమె నా పక్కన పీట వేసుకుని కూర్చుని, తోమినవాటిని కడుగుతోంది. కాసేపయ్యాక తెలుగులో మాట్లాడింది. తడుముకోలేదు. మా అమ్మ మాట్లాడినట్టే, మా ఊరి తెలుగు.

"వదినా, మదురై నుంచి వచ్చిన దినం కార్లోనే అంతా విన్నాను."

నా చేతిలో గిన్నె జారింది. ఆమె దాన్ని అందుకుని కడిగి పక్కన బోర్లించింది.

"ఆయన చెప్తే ఏడ్చేదానికి కాచుకోని ఉంటిని. నాకు తెలుసునని నేనే చెప్పి ఉండొచ్చు. చెప్తే ఆయన భయపడతాడని ఊరికే ఉంటిని. ఆయన నోటితో రానీ అని. ఏటికాడ చెప్పేదానికి వచ్చె. మీరు వద్దంటిరి."

క్షమించమని అడగాలి. ఆ పిల్ల కాళ్ళు పట్టుకోవాలి. ఇంకో గిన్నె తీసుకుని తోమడం మొదలుపెట్టాను. పదేళ్ళు ఆమె ఎదుట కూర్చుని ఏమేం మాట్లాడామో అన్నీ గుర్తొచ్చాయి. ఆమె నలుపు గురించి, ఆమె పుట్టింటి గురించి, మగపిల్లాడు పుట్టలేదని. కానీ ఆమె వాటి జోలికే పోలేదు.

"అది పోనీ వదినా. జబ్బు కత నాకు ముందే తెలుసు. ఆ దినం ఆయన అదొకటే చెప్పేదానికి అంత దూరం పిల్చుకోని పోయి ఉండడు. ఇంగేదో చెప్పాలని వచ్చె. మొగంలోనే తెలిసె. నాకు ఏమి చెప్పాలనుకొనె ఆయన? మీతో చెప్పి ఉంటాడే. మీతో చెప్పనిది ఆయనకి ఏమీ లేదే."

తడిచేతులు ఒళ్ళో పెట్టుకుని నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆ రోజు మెట్ల మీద వాడి వైపు తిరిగి కూర్చున్నట్టే.

వాడు నాకేమీ చెప్పలేదు. ఏం చెప్పబోతున్నావురా అని నేను అడగలేదు. అడగకుండానే ఆపాను.

"తెలీదు" అన్నాను.

ఆమె నమ్మలేదు. ఇప్పటికీ, నేను ఆ ఊరికి వెళ్ళినప్పుడల్లా, మా ఇద్దరి మధ్యా ఎవరూ లేని సమయం చూసుకుని, మళ్ళీ అడుగుతుంది.