గడ్డ ఒకటే, వయసులు వేరు

మనవరాలు నన్ను అవ్వా అని పిలవడం మొదలుపెట్టిన ఏడాదే బెంగుళూరు డాక్టరు నన్ను చూసి, "మీరింకా చిన్నవాళ్లేనమ్మా" అన్నాడు. నలభై దాటిన మనిషితో ఇదేం మాటని ఒళ్లు మండింది. చెవి వెనక, మెదడును ఆనుకుని గడ్డ ఉందట. అరుదైనదట, క్యాన్సర్ కాదట, మెల్లగా పెరుగుతుందట. చిన్న వయసు కాబట్టి ఆపరేషన్ చేయాలట. చేస్తే ఆ చెవికి వినికిడి పోవచ్చట. మెల్లగా పెరిగేదానికి ఇంత తొందరెందుకో నాకు అంతుపట్టలేదు.

బయట బెంచీ మీద ఒక తాత కూర్చుని ఉన్నాడు. మా కేజీఎఫ్ మనిషే, అక్కడి బంగారు గనిలో పనిచేసి రిటైరైనవాడు. మాటల్లో తెలిసింది, ఆయనకూ అదే గడ్డ, అదే చోట.

"నాకు కొయ్యేది వద్దన్నారమ్మా. అప్పుడప్పుడు స్కాన్ తీసి చూస్తారంట."

"నీకు వద్దంట, నాకు కావాలంట! ఇదేం న్యాయం తాతా?"

"వయసైనోళ్లకు మత్తిస్తే లేచేది కష్టమంట. నువ్వయితే తట్టుకుంటావు."

అంటే తట్టుకోగలనని కోస్తారా? ఇంటికెళ్లే రైలు మాలూరు దాటినా అదే ఆలోచన. మా ఆయన డాక్టరు మాట వినమన్నాడు. శ్రీనివాసపురం నుంచి మా అమ్మ ఫోన్ చేసి ఇంకో డాక్టరును అడగమంది. అడిగితే ఆయనా చిన్న వయసే అన్నాడు. మనవరాలి మాటలు సగమే వినపడతాయేమోనని నాకు భయం. చివరికి చేయించుకున్నాను. గడ్డతోపాటు కుడి చెవీ పోయింది.

మరుసటి ఏడాది స్కాన్‌కు వెళితే అదే తాత, అదే బెంచీ. ఆయన గడ్డ ఏమీ పెరగలేదట, చెవి కూడా కాస్తో కూస్తో వినపడుతూనే ఉందట.

"చూస్తివా తాతా, ఊరికే కూర్చుని నువ్వు గెలిచినావు. చెవి పోగొట్టుకునింది నేను."

తాత నవ్వి, నాకు వినపడే పక్కకు జరిగి కూర్చున్నాడు.

"గెలిచేదేముండాదమ్మా? ఆ గడ్డ ప్రాణం మీదికి వచ్చేదానికి చానా ఏండ్లు పడుతుంది. అన్ని ఏండ్లు ఇంగ నాకు యాడుండాయి? నీకుండాయి. దానికే కోసినారు."

ఇద్దరు డాక్టర్లు ఇంత సులువుగా ఎందుకు చెప్పలేదో, చెప్పినా నాకే తలకెక్కలేదో తెలియలేదు. ఈలోగా నర్సు తలుపు దగ్గర నిలబడి ఎవరినో పిలిచింది. ఎవరినో నాకు వినపడలేదు.

"నిన్నేనమ్మా, పో" అన్నాడు తాత.