కార్తీకంలో మామిడి రసం

జ్వరం తగ్గాక మా అత్తగారికి నోరు చప్పబడిపోయింది. మా దగ్గరే ఉంటారు కాబట్టి వండిపెట్టేది నేనే. ఏం చేసినా రెండు ముద్దలు తిని కంచం జరిపేసేవారు. అలాంటి మనిషి కార్తీక మాసంలో, పక్క వాటాలో ఉండే మా తోటికోడలి ఇంట్లో మామిడి రసం కలుపుకుని కంచం ఖాళీ చేశారని తెలిసి నాకు ఒళ్లు మండిపోయింది. వేసవిలోనే రసం తీసి ఫ్రీజర్‌లో దాచిందట మహాతల్లి. అన్నదమ్ములిద్దరిదీ నూజివీడులో మామిడికాయల వ్యాపారమే, ఆ కాయలు మా ఇంటికీ వచ్చాయి. నాకెందుకు తట్టలేదు? ఆ రోజు నుంచి అత్తగారు మధ్యాహ్నం భోజనానికి అటే వెళ్లేవారు. నేను చేసిన పప్పూ వేపుడూ గిన్నెల్లోనే ఉండిపోయేవి.

మళ్లీ వేసవి రాకముందే మా ఆయన్ని బయల్దేరదీసి ఫ్రీజర్ కొనడానికి విజయవాడ వెళ్లాను. షాపులో రెండు రకాలు చూపించారు. ఒకటి బీరువాలా నిలువుగా, లోపల సొరుగులతో ఉంది. ఇంకొకటి పెట్టె, మూత పైకి తెరవాలి. ఇంటి వాడకానికి నిలువుదే హాయని, ఏ సొరుగులో ఏముందో తెలుస్తుందని, పెట్టెలో అడుగున ఉన్నది కావాలంటే పైవన్నీ బయటపెట్టాలని షాపాయన ఓపిగ్గా చెప్పాడు. నేను వింటే కదా! తోటికోడలిది నిలువుది. నాకు దానికంటే పెద్దది కావాలి. ఐస్‌క్రీం కొట్లవాళ్లు కొనేంత పెట్టె చూపించి ఇదే అన్నాను.

"ఇందులో ఏం పెడతావే, నన్నా?" అన్నాడు మా ఆయన.

రసాల పండ్లు దిగగానే రెడ్డిగూడెం తోట నుంచి వచ్చిన గంపల ముందు నేనే కూర్చున్నాను. మచ్చ లేని చిన్న రసాలు, తొడిమ దగ్గర వాసన చూసి మరీ ఏరాను. దానిలా రసం పిండి డబ్బాల్లో పోయడం నాకు నామోషీ అనిపించింది. మా వైపు రసాల పండుని ఎవరూ కొయ్యరు. చేతిలో మెత్తగా పిసికి, కొన కొరికి, జుర్రుకోవాల్సిందే. కార్తీకంలో అత్తగారి చేతిలో పండు పండుగానే పెడితే ఇక ఆ డబ్బా రసం మొహం ఎవరు చూస్తారు? కడిగి, తుడిచి, పెట్టె నిండా పేర్చాను.

కార్తీకం వచ్చింది. పొద్దున్నే ఒక పండు తీసి పళ్లెంలో ఉంచాను. మధ్యాహ్నానికి తొక్క నల్లబడి, పండు కూలబడిపోయి, చుట్టూ నీళ్లు చేరాయి. అయినా మొండిగా అత్తగారి చేతికిచ్చాను. అలవాటుగా పిసికారో లేదో, తొక్క చిట్లి చీరంతా కారింది. ఒకసారి చీకి పళ్లెంలో పెట్టేశారు.

ఆ చీర తుడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. "నా చేత్తో పెడితే తినరా అత్తయ్యగారూ?" అనేశాను.

"ఎందుకు తిననే పిచ్చిదానా, రేపటి నుంచి ఇక్కడే తింటాను" అన్నారావిడ.

నా అంత అదృష్టవంతురాలు లేదనుకున్నాను. సాయంత్రానికి అత్తగారు పెట్టెలోని పండ్లన్నీ దగ్గరుండి పారబోయించారు. ఇంత పెట్టె ఖాళీగా ఎందుకని తోటికోడల్ని పిలిచి, దాని ఫ్రీజర్‌లో ఇరుగ్గా ఉన్న డబ్బాలన్నీ ఇటు తెప్పించారు. "మీది ఎంత పెద్దదో అక్కా" అంటూ అది నవ్వుతూ సర్దింది.

అత్తగారు ఇప్పుడు రోజూ మా ఇంట్లోనే తింటున్నారు. నేనే నడుం వంచి పెట్టె అడుగు నుంచి డబ్బా తీసి, కరిగాక నా చేత్తోనే అన్నంలో వడ్డిస్తున్నాను. ఆవిడ కళ్లు మూసుకుని తింటూ, "చిన్నది ఎంత కమ్మగా తీసిందే ఈ రసం" అంటారు.