ఇంజనులో ఎల్డన్ దగ్గు

వెర్నా హ్రూస్కా స్కూలు బస్సు నడిపేది. మొక్కజొన్న చేల మధ్య మట్టి రోడ్ల మీద ఊరివాళ్ల పిల్లలను ఎక్కించుకోవడంలో, దించడంలో ఆమె వయసంతా గడిచిపోయింది. అలాంటి మనిషి గురించి ఎవరూ ఏమీ రాయరు. పోయిన రోజున కౌంటీ పేపరులో నాలుగు ముక్కలు వేస్తారు, అందులో సగం చర్చి పేరే ఉంటుంది. ఆమె విమానం నడుపుతుందన్న సంగతికి అక్కడ చోటు చాలదు.

విమానం కట్టింది ఆమె మొగుడు ఎల్డన్. నెబ్రాస్కా చలికాలాలు ఎన్నో ట్రాక్టరు షెడ్డులోనే గడిపి, రేకు మీద రేకు అతికించాడు. అతను బయట నుంచి రివెట్టు కొడుతుంటే లోపల దూరి ఇనప దిమ్మె ఆనించి పట్టింది వెర్నా. ఆమె చేతులు సన్నం. ఇంజను మాత్రం ఒక పాత స్పోర్ట్స్ కారులోంచి ఊడదీసుకొచ్చాడు. దానికి పిస్టన్లు ఉండవు. మూడు మూలల ఇనప ముక్కలు లోపల గుండ్రంగా తిరుగుతుంటాయి. శనివారం పొద్దున గడ్డి రన్‌వే పక్కన కాఫీకి చేరే పెద్దమనుషులు దాన్ని పాప్‌కార్న్ మిషనని పేరు పెట్టి నవ్వారు. డాక్టరు ఎల్డన్ గుండె చూసి, నువ్వు విమానం నడపడానికి వీల్లేదన్నప్పుడు మరీ నవ్వారు. అప్పుడు వెర్నా నేర్చుకుంది. ఎడమ సీటులో ఆమె నడిపేది. కుడి సీటులో కూర్చుని అతను పెట్రోలు పాళ్లు సరిచేసేవాడు.

అది ఓపిక పని. ఇంజను పీల్చే గాలికి ఎంత పెట్రోలు కలపాలో ఒక చిన్న పెట్టె గుర్తుపెట్టుకుంటుంది, ఒక్కో జోరుకు ఒక్కో పాలు. పెట్రోలు మరీ చిక్కనైతే నల్లపొగ. మరీ పలచనైతే ఇంజను తడబడుతుంది, వేడెక్కుతుంది, ఏదో ఒకనాడు లోపల తిరిగే ముక్కల మూలనుండే పట్టీ విరిగి ఆగిపోతుంది. పొగగొట్టంలో ఉన్న సెన్సరును బట్టి ఒక ముల్లు కదులుతుంది. నాబ్ తిప్పుతూ, ముల్లు ఆకుపచ్చ గీత మీదికి రాగానే బటన్ నొక్కితే ఆ జోరుకు ఆ పాలు ఖాయం. "అక్కడే ఉంచు పిల్లా, కదలకు," అనేవాడు ఎల్డన్, ముల్లు మీంచి చూపు తిప్పకుండా. ఇద్దరూ అరవై దాటినవాళ్లు.

కోతలు మొదలైన వారంలో అతను షెడ్డులో స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఆ తర్వాత వెర్నా మొదటిసారి ఒంటరిగా పైకి వెళ్లి, తాపీగా ఎగిరే జోరుకు ఇంజను తగ్గించింది. అప్పుడు వినబడింది. రెండు పొట్టి దగ్గులు. కాస్త ఆగి, గొంతు సవరించుకున్నట్టు ఒక లోతైన దగ్గు. నలభై ఏళ్లు రోజూ తెల్లవారుజామున వంటింటి సింకు దగ్గర నుంచి విన్న ఎల్డన్ దగ్గే. తల తిప్పి చూస్తే ఖాళీ సీటు, బిగించి ఉన్న బెల్టు.

ఆమెకు దెయ్యాల మీద నమ్మకం లేదు. నమ్మకం లేనంత మాత్రాన అవి రావడం మానవు. చలికాలమంతా, గాలి కుదిరిన రోజునల్లా ఆమె పైకెళ్లి, ఇంజనును సరిగ్గా ఆ జోరుకు తెచ్చి వింటూ కూర్చునేది. పొగగొట్టం వేడి వారం వారం పైకి పాకుతోంది. చూస్తూనే ఉంది. ముల్లు మాత్రం ఆకుపచ్చ గీత మీదే ఉంది. ఎల్డన్ పెట్టిన పాలు, ఎల్డన్ ముల్లు. ఇక ఆమె ఎవరిని అడగాలి?

సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఒకడు కట్టిన ఇంజను నాబ్ మీద ఇంకొకడు, అడగందే, చెయ్యి వేయకూడదు. అందుకే పందులు పెంచే లైల్, ఎల్డన్ స్నేహితుడు, తన దొడ్డి మీదుగా ఆ దగ్గు పోవడం ఎన్నిసార్లు విన్నా నోరు మూసుకున్నాడు. మంచు కరిగాక ఇక పట్టలేక షెడ్డుకొచ్చాడు.

"పలచబడింది వెర్నా. పందులు కూడా తలెత్తి చూస్తున్నాయి."

"అది ఎల్డన్ పెట్టిన పాలు."

"వాడే బతికుంటే వాణ్ణే తిట్టేవాణ్ణి. లేడు గనక నీకు చెప్పాల్సొస్తోంది."

విమానం తోకను ట్రాక్టరుకు కట్టి, ఇంజను ఆడించి, నాబ్‌ను చిక్కన వైపు చివరంటా తిప్పమన్నాడు. ఆమె తిప్పింది. పొగగొట్టం నల్లగా కక్కింది, షెడ్డంతా పెట్రోలు కంపు. ముల్లు ఆకుపచ్చ గీత మీద నుంచి వెంట్రుకవాసి కదల్లేదు.

ఇంజను ఆపాక లైల్ పొగగొట్టం దగ్గర వంగి చూసి, సెన్సరు చచ్చిందన్నాడు. తర్వాత, ఆఖర్లో ఎక్కడ పెట్రోలు పోయించారని అడిగాడు. వెర్నా చెప్పింది. పోయిన వేసవంతా గుండె డాక్టరు కోసం ఒమాహా వెళ్లొచ్చారు. అక్కడి పెద్ద ఎయిర్‌పోర్టులో కారు పెట్రోలు దొరకదు, సీసం కలిపిన విమాన పెట్రోలే ఉంటుంది. సీసం సెన్సరును చంపుతుందని ఎల్డన్‌కు తెలుసు. ఒక ట్యాంకుకు ఏం కాదులే అన్నాడు, ప్రతిసారీ అదే మాట. తిరుగు దారిలో, ఊరికే కూర్చోలేక, ఎంత తగ్గించినా గీత మీదే నిలిచే ఆ చచ్చిన ముల్లును చూసుకుంటూ ఆ ఒక్క జోరుకు పాలు తగ్గించి, ఇంకా తగ్గించి, బటన్ నొక్కాడు. మంచి పాలు కుదిరిందని మురిసిపోయాడు కూడా. వేసవి గాలికి అది ఎలాగో సరిపోయింది, చలికి చిక్కబడ్డ గాలికి చాల్లేదు.

"అంటే ఆ దగ్గు..." అని వెర్నా ఆగిపోయింది.

"వాడి పొరపాటు. ఇంకేం కాదు," అన్నాడు లైల్. కొత్త సెన్సరు తాను బిగిస్తానన్నాడు. పాలు తాను మార్చాలా అని అడిగితే ఆమె వద్దంది. పోనీ పక్కన కూర్చుంటానన్నాడు. అదీ వద్దంది.

లైల్ సెన్సరు మార్చాక, గాలి లేని ఒక ఉదయం ఆమె పైకెళ్లింది. ఇంజను ఆగినా దిగగలిగేలా రన్‌వే మీదే చుట్లు తిరుగుతూ జోరు తగ్గించింది. దగ్గు వచ్చింది. ఈసారి ముల్లు కూడా గీత వదిలి, పలచన వైపు దిగజారింది. నాబ్ కుడి సీటుకు ఎదురుగా ఉంది. ఎడమ చేత్తో విమానం నడిపే కర్ర పట్టుకుని, ఆ ఖాళీ బెల్టు మీదుగా వంగి, కాస్త తిప్పింది. లోతైన దగ్గు పోయింది. పొట్టివి రెండూ మిగిలాయి. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇంతటితో వదిలేస్తే కొంతకాలం నడుస్తుందేమోనని లెక్క వేసుకుంది. తర్వాత తన కింద చేలు, వాటి మధ్య తన బస్సు తిరిగే రోడ్డు కనిపించాయి. ఇంకాస్త తిప్పింది. ఒకటి మిగిలింది. ఇంకాస్త.

ముల్లు పైకి లేచి గీత మీద వణుకుతూ నిలబడింది. వేడి దిగింది. బటన్ నొక్కితే ఎల్డన్ పెట్టిన పాలు చెరిగిపోతుంది, ఇక దాన్ని వెనక్కి తెచ్చేవాడు లేడు. ఆమె ఇంకో చుట్టు తిరిగింది. నొక్కింది.

తర్వాత జోరు పెంచి, తగ్గించి, మళ్లీ అదే చోటికి మెల్లగా జారవిడిచి చూసింది. చాలాసార్లు చూసింది. ఇంజను ఒకే తీరున తిరుగుతూ పోయింది.

దిగేసరికి లైల్ గడ్డిలో నిలబడి ఉన్నాడు. చెవులు అతనికీ ఉన్నాయి, అయినా ఎలా ఉందని అడిగాడు.

"బాగుంది," అంది వెర్నా, సీటులోంచి లేవకుండానే. "ఎవరిదో విమానంలా ఉంది."