పూత మీద కొన్న తోట

పువ్వును చూడగానే ప్రమీలారాణికి ముందు పురుగే గుర్తొచ్చేది. తిరువూరు చుట్టుపక్కల మామిడి తోటల్లో కాపలా ఉన్న రాయప్ప కూతురికి అది గుర్తు రాకపోతేనే వింత. ఆ వైపు పూత వచ్చిందంటే కళ్లకు పండగేం ఉండదు, గుండెల్లో దడ మొదలవుతుంది. క్రిస్మస్ వెళ్లిన దగ్గర్నుంచీ ఆడా మగా తోటల వెంట తిరుగుతూ, పూతగుత్తి కింద తెల్లగుడ్డ పట్టి రెండుసార్లు తట్టి చూస్తారు. గుడ్డ మీద నల్లటి నలుసులు కదిలాయంటే తామర పురుగు పట్టినట్టే. ఇక ఆ ఇంట్లో ఆ ఏడంతా ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోరు.

ఆమె మొగుడు యోసేపు సైన్యంలో వంటవాడు. పెళ్లయిన కొత్తలోనే బండెక్కాడు. ఆ తర్వాత సెలవులకు చుట్టంలా వచ్చి పోయేవాడు. పెళ్లాం వడ్డిస్తుంటే మొహమాటపడేవాడు. చివరి రెండేళ్లకు మాత్రం అదృష్టం తలుపు తట్టింది. భూటాన్‌లో, హా లోయలో, అక్కడి సిపాయిలకు మనవాళ్లు శిక్షణ ఇచ్చే చోటికి వేశారు. భార్యను తెచ్చుకోవచ్చన్నారు. రేకుల కప్పు, రెండు గదుల క్వార్టరు. మొగుడితో ఒకే కప్పు కింద కాపురం చేయడం ఆమెకదే మొదలు.

మార్చి చివర్లో అక్కడి పీచు చెట్లు పూశాయి. కొండల మీద ఇంకా మంచుంది. కింద లోయంతా ఆకు లేని కొమ్మలకు గులాబి రంగు పూలు. క్వార్టర్లలోని ఆడవాళ్లంతా ఏటి ఒడ్డున చాపలు పరిచారు. లంగరు నుంచి, అంటే సిపాయిల వంటశాల నుంచి, యోసేపు పూరీలు, టీ మోసుకొచ్చాడు. ప్రమీల కూర్చోలేదు. నేరుగా చెట్టు దగ్గరికి పోయి, చేతిరుమాలు పరిచి పట్టుకుని కొమ్మను తట్టింది.

"రాణీ, ఏం చేస్తున్నావ్?" హిందీలో అడిగింది గుర్మీత్. సుబేదారు భార్య, పంజాబీ మనిషి.

"పురుగుందేమోనని."

"ఉంటే?"

"మందు కొట్టాలి గదా."

ఆడవాళ్లంతా కడుపు పట్టుకుని నవ్వారు. "ఈ చెట్టు నువ్వేమన్నా కౌలుకు తీసుకున్నావా? వచ్చి కూర్చో. పువ్వును పువ్వులాగా చూడు," అని గుర్మీత్ ఆమె చెయ్యి పట్టి లాగింది.

యోసేపు కూడా నవ్వాడు. "మీ నాన్న కాపలా వదిలెయ్యవే ఇక. ఈ కాయ రాలితే మనకేం పోద్ది?"

కూర్చుంది. మొదట్లో పని ఎగ్గొట్టి దొరికిపోయిన కూలిమనిషిలా అటూ ఇటూ చూసింది. టీ గ్లాసులో రెండు రేకులు రాలాయి. వాటిని తీసి పారేయబోయి, ఆగి, అలాగే తాగింది. మరుసటి ఏడు పూత ఇంకా విచ్చకముందే చాప చంకనేసుకుని గుర్మీత్ తలుపు కొట్టింది ఆమే. సాయంత్రాలు చెట్టు కింద యోసేపు బంగాళాదుంపలు తొక్క తీస్తుంటే పక్కన ఊరికే కూర్చునేది. ఊరికే కూర్చోవడం అనేది కూడా ఒకటుందని ముప్పయ్యారేళ్లకు తెలిసింది.

తర్వాత సర్వీసు అయిపోయింది. తిరువూరు వచ్చి పడ్డారు. అప్పటికి రాయప్ప లేడు. సైన్యం నుంచి దిగినవాడికి లోకం ఒకటే ఉద్యోగం దాచిపెడుతుంది: హైదరాబాదులో ఏదో ఒక గేటు ముందు కుర్చీ. దేశం కోసం వంట చేసినవాడికి అంతకంటే ఏమిస్తారు? వద్దంది ప్రమీల. "ఇక మిమ్మల్ని ఎక్కడికీ పంపను. ఇక్కడే ఏదైనా చేసుకుందాం," అని పట్టుబట్టింది. ఆమె కోరిక అదొక్కటే. మొగుడు ఇంట్లో ఉండాలి.

జనవరిలో మధ్యవర్తి ప్రభుదాసు వాళ్లను విస్సన్నపేట రోడ్డులో ఒక తోటకు తీసుకెళ్లాడు. పూత మీద బేరం. అంటే పూతను చూసి ఆ ఏటి కాపు మొత్తానికి డబ్బు ముందే ఇచ్చేయాలి. కాస్తే కొన్నవాడిది, కాయకపోయినా కొన్నవాడిదే. చెట్లు ఆకు కనపడకుండా పూసి ఉన్నాయి. ఎండలో తేనె వాసన.

"తట్టి చూడవా?" అన్నాడు యోసేపు.

ఆమె తట్టలేదు. తలెత్తి చూస్తూ నిలబడింది. ఆ చెట్ల కింద చాప వేసి ఉంది, ఆయన పక్కనే ఉన్నాడు. ఆమెకు అదే కనిపిస్తోంది.

"పూతను పూతలాగే చూడాలండీ," అంది.

"దేశాలు తిరిగొచ్చిన చూపు గదా, అలాగే ఉంటది," అన్నాడు ప్రభుదాసు.

యోసేపు భార్య ముఖం చూశాడు. హా నుంచి వచ్చాక ఆ ముఖం అంత వెలగడం అదే మొదటిసారి. సరేనన్నాడు. సైన్యం చేతిలో పెట్టిందంతా ఆ పూట ప్రభుదాసు చేతిలో పెట్టాడు.

అంతకుముందే ముగ్గురు వ్యాపారులు గుడ్డలు పట్టి తట్టి చూసుకుని ఆ తోట వదిలేసి పోయారన్న సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పనెవరికుంది?

వారం రోజులు ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్లి చెట్ల కింద కూర్చున్నారు. పక్కతోటలో కలుపు తీస్తున్న మేరమ్మ గట్టు మీద నుంచే అరిచింది. "ఏమే రాణీ, తోట కొన్నావా, పార్కు కొన్నావా?"

"నువ్వూ రావే, టీ ఉంది," అంది ప్రమీల.

"అమ్మో, నాకు కూలి పోద్ది తల్లీ!"

ఆ తర్వాతి వారం గుత్తులు మాడిన చీపుళ్లలా తయారయ్యాయి. యోసేపు వీపున డబ్బా తగిలించుకుని ఒక మందు కొట్టాడు, షాపువాడు చెబితే ఇంకోటి కొట్టాడు, దాని మీద మరోటి కొట్టాడు. ప్రమీల బిందెలతో నీళ్లు మోసింది. పురుగు చావలేదు. పూత రాలిపోయింది. అక్కడక్కడా నిలిచిన పిందెలు బఠాణీ గింజంత అయి పసుపెక్కి పడిపోయాయి. ప్రభుదాసు ఇంటికి వెళితే వాకిట్లోనే నిలబెట్టాడు.

"పూత నేను చూపించానమ్మా. పిందె దేవుడిది. నన్నడిగితే ఎట్టా?"

యోసేపు ఆమెను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. హైదరాబాదు పోవడానికి అతను ట్రంకుపెట్టె సర్దుకుంటుంటే ఆమే అంది, "నన్ను కొట్టండి పోనీ."

"నేను మాత్రం చూళ్లేదా ప్రమీలా? నాకూ బాగానే ఉంది గదా అప్పుడు."

"నేనూ వస్తా. ఏ మూలైనా ఉంటా."

"గేటు పక్కన ఒక్క మంచం పట్టేంత గదేనంట అది. ఇద్దరికి చోటు లేదు."

ఏప్రిల్లో హైదరాబాదు బస్సెక్కాడు. ఒక అపార్టుమెంటు గేటు దగ్గర పని. ఊళ్లో కాయ బాగా నిలిచిన తోటల్లో కోత మొదలైంది. గ్రేడింగు కూలీకి ప్రమీల అక్కడికే పోతోంది. మచ్చ పడ్డ కాయ ఒక కుప్ప, మంచిది ఒక కుప్ప. ఒక మధ్యాహ్నం అన్నాల వేళ ఫోను మోగింది.

"తిన్నారా?" అంది.

"తిన్నా. ఎవరిదో కారు కడిగి ఇప్పుడే కూర్చున్నా."

"కార్లు కూడా కడగాలా?"

"చెబితే కడగాలి."

"సెలవెప్పుడిస్తారు?"

అవతల హారను మోగింది, గేటు తీసిన చప్పుడు వినపడింది. తర్వాత యోసేపు నెమ్మదిగా అన్నాడు. "ఇది సైన్యం కాదే. సెలవులుండవు. వెళ్తే వెళ్లిపోవడమే."

మేస్త్రి కేకేశాడు. ఆమె ఫోను కొంగులో కట్టుకుని లేచింది.