టైలర్ మాస్టరు పళ్ళు

దారాన్ని పంటితో తెంచడం టైలర్ మాస్టరుకు ముప్పై ఏళ్ల అలవాటు. ఇప్పుడు నోట్లో సొంత పన్ను ఒక్కటీ లేదు. స్కూలు యూనిఫారాల పని నెత్తిమీద పడ్డ సీజన్లో, ఎదుటి సెల్‌ఫోన్ కవర్ల కొట్టువాడు "ఇది పీల్చండి మాస్టారూ, నిద్ర దగ్గరికే రాదు" అని మెత్ అనే మత్తుమందు అలవాటు చేశాడు. రెండేళ్లలో నిద్రా పోయింది, పళ్ళూ పోయాయి.

చివరికి అక్క రెక్క పట్టుకుని లాక్కెళ్లి డీఅడిక్షన్ ఆసుపత్రిలో పడేసింది. మూడు నెలలు నరకం చూసి మానేశాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, "వాడి మీద కోపం కూడా వదిలెయ్యండి," అంది.

"రెండూ ఒక్కసారే వదలమంటే నా వల్ల కాదమ్మా!"

కొట్టువాణ్ణి పోలీసులకు పట్టించాడు. వాడు వారంలో తిరిగొచ్చి కొట్టు తెరిచాడు. ఆ రోజే మాస్టరు తన మిషన్ని గుమ్మంలోకి లాక్కున్నాడు. ఎవరు ఆ కొట్టు మెట్లెక్కినా సరే, కట్టుడు పళ్ళు తీసి గుప్పిట్లో పెట్టుకుని వీధి దాటుతాడు. బోసినోరు బార్లా తెరిచి, "వీడి దగ్గర కవర్లతో పాటు ఇది కూడా దొరుకుతుంది," అంటాడు.

నెల తిరిగేసరికి కొట్టువాడు ఈగలు తోలుకుంటున్నాడు. ఆఖరికి కాళ్లబేరానికి వచ్చాడు.

"తప్పయిపోయింది మాస్టారూ. ఇంకెన్నాళ్లు నన్నిలా ఏడిపిస్తారు?"

మాస్టరు అలవాటుకొద్దీ దారాన్ని నోటిదాకా తీసుకెళ్లి, ఆగి, కత్తెర అందుకున్నాడు.

"ఎన్నాళ్లో కాదురా. నా పళ్ళు మళ్ళీ మొలిచేదాకా."