ప్యాకెట్టుకో వాషరు ఎక్కువ

ఎల్లారెడ్డిలో అన్వరి బేగం షెడ్డు ఎక్కడని అడిగితే చాలామందికి తెలియదు. ఆకు గోదాం అంటే మాత్రం దారి చూపిస్తారు. ఒకప్పుడు బీడీల కంపెనీ తునికాకు కట్టలు అందులో నిల్వ చేసేది. ఇప్పుడు అక్కడ పొలాల్లో మందు కొట్టే పంపుల విడిభాగాలు ప్యాకెట్లకు ఎక్కుతాయి. రేకుల కప్పు, రెండు ఫ్యాన్లు, గోడ వెంట రెండు పొడుగాటి బల్లలు. బల్లల దగ్గర నిలబడి పని చేయమని కంపెనీ చెప్పింది. ఆడవాళ్లు వాటి మీద టిఫిన్ డబ్బాలు పెట్టుకుని, కింద చాపల మీద, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటారు. చాటలో ఇదివరకు ఆకు, తంబాకు ఉండేవి. ఇప్పుడు నాజిళ్లు, క్లిప్పులు ఉంటాయి.

అన్వరికి నలభై ఏడేళ్లు. లింగంపేటలో పుట్టింది. పన్నెండేళ్ల వయసులో తల్లి పక్కన కూర్చుని బీడీ చుట్టడం నేర్చుకుంది. పెళ్లయి ఎల్లారెడ్డి వచ్చాక కూడా అదే పని, ముప్పై ఏళ్లు. భర్త అబ్బాస్ మస్కట్‌లో డ్రైవరుగా చేసి వచ్చి ట్రాలీ ఆటో కొన్నాడు. కామారెడ్డిలో పంపులు తయారుచేసే కంపెనీకి సామాను మోసేవాడు. ఆ కంపెనీ యజమాని రాజేశం ఒకరోజు తన తలనొప్పి చెప్పుకున్నాడు. పంపు తయారు కావడానికి పట్టే సమయం కంటే దానితో ఇచ్చే చిన్న సామాను ప్యాకెట్టు కట్టడానికి ఎక్కువ సమయం పడుతోందట. చోటు లేదు, పనివాళ్లు నిలవడం లేదు.

"మా ఇంటామె చేతికిచ్చి చూడు సేఠ్" అన్నాడు అబ్బాస్.

రాజేశం అయిదు వందల ప్యాకెట్ల సామాను ఇచ్చి పంపాడు. మూడు రోజులు పడుతుందనుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నానికే ట్రాలీ తిరిగి వచ్చి గేటు ముందు ఆగింది. "మిషిను గిట్ల పెట్టినవా ఏంది?" అని అడిగాడట. మిషిను ఏమీ లేదు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన వేళ్లు అవి.

అది నాలుగేళ్ల కిందటి మాట. ఇప్పుడు షెడ్డులో పది మంది ఉన్నారు. అందరూ బీడీలు మానేసి వచ్చినవాళ్లే. దగ్గు తగ్గిందని కొందరు అంటారు. ఇంట్లో తంబాకు వాసన పోయిందని, పిల్లలు పక్కన పడుకుంటున్నారని ఇంకొందరు అంటారు. అందరిలో పెద్దది ఈరవ్వ. అరవై దాటింది. అన్వరిని "బేగమ్మా" అని పిలుస్తుంది, మాట వింటుంది, విన్నాక తనకు తోచినట్టు చేస్తుంది.

ప్యాకెట్టులో ఉండవలసినవి ఎక్కువేమీ కావు. నాజిల్ ఒకటి, చెత్తను ఆపే జాలీ ఒకటి, పైపును బిగించే ఇనుప క్లిప్పు ఒకటి, రబ్బరు వాషర్లు నాలుగు, ఎలా బిగించాలో చెప్పే కాగితం. కామారెడ్డిలో ప్యాకెట్లను తెరవకుండా తూకం వేస్తారు. తూకం తగ్గకపోతే లోపల అన్నీ ఉన్నట్టు.

వరినాట్లు అయిపోయి రైతులు మందు కోసం దుకాణాల చుట్టూ తిరిగే రోజుల్లో, ఒక సోమవారం పొద్దున, కంపెనీలో సరుకు నాణ్యత చూసే వందన ముందు చెప్పకుండా షెడ్డుకు వచ్చింది. ఎప్పుడొచ్చినా ముందు చాయ్ అడిగే మనిషి. ఆరోజు నిలబడే సంచిలోంచి ఒక ప్యాకెట్టు తీసి చాపమీద కుమ్మరించింది.

"అక్కా, దీంట్ల ఏమేమున్నయో చూడు."

అన్వరి చూసింది. నాజిల్, జాలీ, కాగితం. వాషర్లు ఆరు. క్లిప్పు లేదు.

"బిచ్కుందల ఒక రైతు కొన్నడు. క్లిప్పు లేకుంటె పైపును తాడుతోని కట్టి మందు కొట్టిండు. పైపు ఊడి మందంత కాళ్ల మీద వడ్డది. దుకాణమాయన మా సార్‌కు ఫోన్ చేసి ఇజ్జత్ తీసిండు."

"తూకంల ఎట్ల దొరకలే?" అంది అన్వరి.

"రెండు వాషర్లు ఒక క్లిప్పంత బరువు. రెండు ఎక్కువేసిండ్రు, ఒకటి మరిసిండ్రు. మిషినుకు అన్నీ ఉన్నట్టే కనవడ్డది." వందన చుట్టూ చూసింది. "ఇప్పుడు కామారెడ్డి గోదాంల ఆరువేల ప్యాకెట్లున్నయి. పొద్దున ఒక యాభై తెరిచిన. సగానికి ఎక్కువ ప్యాకెట్లల్ల వాషర్లు అయిదో ఆరో ఉన్నయి. ఎవలు ఏసిండ్రు?"

అందరూ చాటల్లోకి తలలు వంచారు. చివరికి ఈరవ్వే అంది. "నేనే ఏసిన. అందరం ఏసినం. తక్కువ ఏస్తె అడుగు బిడ్డా, ఎక్కువ ఏస్తె గూడ అడుగుతరా?"

"ఎందుకేసినవ్ అవ్వా?"

"మిగిలినయి గనుక."

వందనకు అర్థం కాలేదు. అన్వరికి అర్థమైంది. నేల మీద పడేవీ పోయేవీ ఉంటాయని కంపెనీ ప్రతి లోడుకూ కొన్ని వాషర్లు ఎక్కువ పంపుతుంది. పోయినవి ఎన్నో, మిగిలినవి ఎన్నో నాలుగేళ్లుగా ఎవరూ అడగలేదు. అన్నీ తరుగు కింద రాసుకున్నారు. కానీ ఈ షెడ్డులో ఏదీ పోదు. బీడీల పనిలో ఆకు తూచి ఇచ్చేవారు. చుట్టాక ఆకు మిగిలిందని నిజం చెప్పి తిరిగి ఇస్తే, బీడీలు పలుచగా చుట్టావనేవారు, లేదంటే మరుసటి వారం ఆ మేరకు ఆకు తగ్గించి ఇచ్చేవారు. అందుకని మిగిలిన ఆకుతో ఇంకో గుప్పెడు బీడీలు చుట్టి, అప్పజెప్పేటప్పుడు పైన వేసి ఇచ్చేయడం అందరికీ అలవాటు. ఇంట్లో దాచుకుంటే దొంగతనం, తిరిగి ఇస్తే అనుమానం, పైన వేసి ఇస్తే ఏ గొడవా లేదు. రబ్బరు వాషర్లకూ అదే లెక్క పట్టింది. అన్వరి కూడా మొదట్లో అలాగే వేసింది. తర్వాత ప్యాకెట్లు కట్టడం తగ్గించి అజమాయిషీ మొదలుపెట్టాక, ఎవరు ఏం చేస్తున్నారో ఈ ఒక్క విషయంలో చూడలేదు.

వందన ఫోన్ చేసి ఇచ్చింది. అవతల రాజేశం గొంతు పెంచలేదు. అదే అన్వరిని భయపెట్టింది.

"బేగం, మేడ్చల్‌ల ఒక పార్టీ ఉన్నది. మిషిన్ల మీద చేస్తరు. దూరమని, కిరాయి ఎక్కువని ఇన్నొద్దులు పోలేదు. ఆరువేలు వాపసు పంపుతున్న. బుధారం సాయంత్రానికి సక్కగ జేసి ఇయ్యిండ్రి. వందన చూస్తది. ఒక్కటి తప్పున్నా సరే, మేడ్చల్‌కు పోతది పని."

అన్వరి ఫోన్ ఇచ్చేసి చాపమీద కూర్చుంది. పది మంది ఆమెనే చూస్తున్నారు. వీళ్లలో ఎవరూ మళ్లీ బీడీలకు పోవాలనుకోవడం లేదు. పోవలసి వస్తే వాళ్లను ఆపడానికి తన దగ్గర ఏమీ ఉండదు.

"అన్నీ విప్పుదాం. పాత ప్యాకెట్టు ఒక్కటి గూడ అట్లనే ఉండొద్దు. నాజిళ్లు ఒక కుప్ప, క్లిప్పులు ఒక కుప్ప, వాషర్లు ఒక కుప్ప. మొదలుకెల్లి కడుదాం" అంది.

"మిగిలిన వాషర్లు?" ఈరవ్వ అడిగింది.

"డబ్బల పోసి వాపసిద్దాం."

"వాపసిస్తె ఏమంటరో ఎర్కనేనా? ఇన్నొద్దులు గివన్ని ఏడికి వోయినయంటరు."

"అననీ అవ్వా. ప్యాకెట్ల ఏసినమని చెప్పినం కదా. ఇంకేం దాసేటిది లేదు."

ఈరవ్వ నోట్లోనే ఏదో సణిగింది. చాట మాత్రం దగ్గరికి లాక్కుంది.

సోమవారం మధ్యాహ్నం ట్రాలీ వచ్చింది. మంగళవారమంతా విప్పారు, వేరు చేశారు. బుధవారం పొద్దున నుంచి కట్టడం మొదలైంది. అన్వరి కూడా చాట ముందేసుకుంది. ఇరవై అయిదు ప్యాకెట్లకో కట్ట, నాలుగు కట్టలకో అట్టపెట్టె. ఇరవై అయిదు అన్నది కంపెనీ పెట్టిన లెక్క కాదు, బీడీ కట్ట లెక్క. వేళ్లకు అదే తెలుసు. పెట్టె మూసేముందు ఎవరి పేరు వాళ్లు మూతమీద రాయాలని అన్వరి చెప్పింది. రాయడం రానివాళ్లకు పక్కవాళ్లు రాశారు.

"నా పేరు పెద్దగ రాయి. కోర్టుల సాక్ష్యం అయితది" అంది ఈరవ్వ.

మూడింటికి అరవై పెట్టెలు పూర్తయ్యాయి. మిగిలిన సామాను లెక్క చూశారు. మంగళవారం వేరు చేసినప్పుడు, షెడ్డులో ముందే ఉన్నవాటితో కలిపి క్లిప్పులు ఆరువేల యాభై లెక్క తేలాయి. ఆరువేలు ప్యాకెట్లలోకి పోతే యాభై మిగలాలి. నలభై తొమ్మిదే ఉన్నాయి.

చాపలు దులిపారు. బల్లల కింద ఊడ్చారు. ఒళ్లు దులుపుకున్నారు. దొరకలేదు. అంటే ఏదో ఒక ప్యాకెట్టులో రెండు క్లిప్పులు పడి ఉండాలి. ఆరువేలలో ఒకటి.

అబ్బాస్ ట్రాలీ తెచ్చి గుమ్మం దగ్గర ఆపాడు. విషయం విని తల గోక్కున్నాడు. "వందన మేడం మహా అయితే రెండు వందలు తెరుస్తది. అదే దొరుకుతదా? ఎక్కువే ఉన్నదాయె, తక్కువ లేదు. ఊకో."

"నేను చెప్పిందే ఈయన చెప్తుండు" అంది ఈరవ్వ. "బేగమ్మా, ఒక క్లిప్పు కోసం పది మంది కడుపు కొట్టకు."

అన్వరి నలభై తొమ్మిది క్లిప్పులు మళ్లీ లెక్కపెట్టింది. నలభై తొమ్మిదే. ఆ వెంటనే వందన తన తూకం మిషిను చంకన పెట్టుకుని లోపలికి వచ్చింది.

"వందనమ్మా, తెరిచే ముందు ఒక మాట" అంది అన్వరి. "ఒక క్లిప్పు లెక్క తప్పింది. ఏదో ప్యాకెట్ల రెండున్నయి. ఏ దాంట్లున్నదో ఎర్కలేదు."

అబ్బాస్ మొహం తిప్పుకున్నాడు.  వందన మిషిను బల్లమీద పెట్టి తీగ ప్లగ్గుకు తగిలించింది.

"పెట్టెలు ఒక్కొక్కటి ఇయ్యిండ్రి."

ఒక్కొక్క పెట్టె ఎక్కిస్తూ దింపుతూ పోయారు. ఎర్ర అంకెలు గ్రాము అటూ ఇటూగా ఒకేచోట నిలుస్తున్నాయి. ఆడవాళ్లు వెనక గుమిగూడి చూస్తున్నారు. నలభై ఒకటో పెట్టెకు అంకె నాలుగు గ్రాములు పైకి పోయి ఆగింది.

"గదే!" ఎవరో అరిచారు.

నాలుగు కట్టలు తూచారు. మూడో కట్ట బరువు. దాన్ని విప్పి ప్యాకెట్లు ఒక్కొక్కటి పెట్టారు. పదిహేడో ప్యాకెట్టులో రెండు క్లిప్పులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. చేతికి ఒకటిగానే తగిలాయి.

"అవ్వా, వాషర్లు ఎక్కువేసి ఉంటే గీ అంకె ఒక్కో పెట్టెకు ఒక్కో తీరుంటుండె. ఇది దొరుకునా?" అంది వందన.

 ఈరవ్వ అప్పటికే ఆ పెట్టె మూతమీద పేరు చదివించుకుంటోంది. చదివింది విని బోసినోటితో నవ్వు మొదలుపెట్టింది.

"అన్వరి బేగం అని ఉన్నదట! మేస్త్రమ్మ చెయ్యే జారింది. మమ్ములను రెండు దినాలు తోమితివి గదనే!"

అన్వరి చెంగుతో మొహం తుడుచుకుని తనూ నవ్వేసింది.

వందన ఆ తర్వాత రెండు వందల ప్యాకెట్లు తెరిచింది. అన్నీ సరిగా ఉన్నాయి. రాజేశంకు ఫోన్ చేసి క్లిప్పు సంగతితో సహా చెప్పింది. ఆయన అన్వరిని పిలవమన్నాడు.

"దాసుకుంటె నాకెట్ల తెలుస్తుండె బేగం? ఎందుకు చెప్పినవ్?"

"మీకు తెల్వకపోవు సార్. పొలంల నిలవడ్డోనికి తెలుస్తది. బిచ్కుంద రైతుకు ఒకసారి తెలిసింది సాలు."

 అవతల రాజేశం ఎవరితోనో ఏదో మాట్లాడిన చప్పుడు.

"సరె. లోడు పంపియ్యిండ్రి. ఇంకోటి, మందు కొట్టే పొడుగు గొట్టం ఉంటది గదా, దానికి పిడి బిగించే పని గూడ ఉన్నది. మేడ్చల్‌కు ఇద్దామనుకున్న. మీతోని అయితదా?"

"అయితది సార్" అని చెప్పేసి, ఆ పని ఎలా ఉంటుందో తర్వాత వందనను అడిగి తెలుసుకుంది అన్వరి.

మిగిలిన వాషర్ల డబ్బాను ఈరవ్వే తెచ్చి వందన ముందు పెట్టింది. "సూసుకో బిడ్డా, మల్ల మాట రావద్దు" అంది. వందన డబ్బా తూచి, అంకె కాగితం మీద రాసి, సంతకం చేసి ఒక కాపీ ఇచ్చింది. ఇచ్చింది తిరిగి తీసుకున్నందుకు ఎవరైనా సంతకం పెట్టడం ఈరవ్వ తన జీవితంలో అదే మొదటిసారి చూడటం. కాగితాన్ని రెండువైపులా తిప్పి చూసి రవికలో దోపుకుంది.

శుక్రవారం గొట్టాల లోడు వచ్చింది. ఒక్కోటి రెండడుగులపైన పొడుగు, చాటలో పట్టదు. ఆడవాళ్లు కాసేపు వాదించుకుని, టిఫిన్ డబ్బాలు కింద పెట్టి, నాలుగేళ్లలో మొదటిసారి బల్లల దగ్గర నిలబడ్డారు.