బరువులక్క చెవి

కోచ్‌తో పోట్లాడి బరువులక్క గెలిచిన రోజున ఆమె మేనత్త అక్కడే ఉంది. బాస్కెట్‌బాల్ ఆడే ఆడపిల్లల చేత బరువులెత్తించి, గెంతించి, ఒళ్లు గట్టిపరచడం బరువులక్క పని. ఆ పేరు పిల్లలు పెట్టిందే. అన్నం డబ్బా ఇచ్చి వెళ్లిపోవాల్సిన మేనత్త రోజూ అక్కడే బల్ల మీద చతికిలబడి అందరికీ వంకలు పెట్టేది.

"రేపు మ్యాచ్ పెట్టుకుని ఈ పిల్లని కూర్చోబెడతావా? మతి పోయిందా నీకు?" అని కోచ్ ఎగిరాడు.

"మోకాలు బాగాలేదు సార్."

"బాగానే ఉందంటోందిగా!"

"ఆడనిస్తానంటే కాలు విరిగినా బాగుందనే అంటుంది."

బరువులక్క గోడవైపు తిరిగి నిలబడింది. "అందర్నీ దూకించండి. ఎవరి వంతో నాకు చెప్పొద్దు."

పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చెక్కపెట్టె మీంచి దూకారు. మోకాళ్లు మడిచి దిగితే చప్పుడు రాదు. నొప్పికాలును కాపాడుకుంటూ దిగితే రెండో కాలు ధబ్బుమంటుంది. "ఇప్పుడు దూకిందే, అదే ఆ పిల్ల," అంది బరువులక్క తల తిప్పకుండా.

కోచ్ ఆ పిల్ల పేరు జట్టులోంచి కొట్టేశాడు. మేనత్త, "ఏం బాబూ, మతి ఎవరికి పోయింది?" అని అడిగి మరీ ఇంటిదారి పట్టింది.

అప్పటినుంచి బరువులక్క ఊఁ అంటేనే ఎవరైనా ఆటలోకి దిగేది. ఆమె ఎప్పుడూ గోడవైపు తిరిగే వినేది. అదో దర్జా.

అందుకే ఇవాళ జరిగింది మేనత్తకు మింగుడుపడలేదు. నిచ్చెన అని అందరూ పిలిచే పొడుగుపిల్ల దూకింది. ధబ్! బల్ల మీదున్న మేనత్తకు కూడా వినిపించింది.

"బాగుంది. తర్వాతెవరు?" అంది బరువులక్క. నిచ్చెన గబగబా పక్కకెళ్లి తువ్వాలులో మొహం దాచుకుంది.

ఇంటికొచ్చాక మేనత్తకు ముద్ద దిగలేదు. మొన్న కుక్కర్ కూతలు పెడుతున్నా మేనకోడలు కదలకపోవడం, ఫోను ఎప్పుడూ కుడిచెవికే ఆనించడం ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సాయంత్రం మేనకోడలు బట్టలు మడతపెడుతుంటే ఎడమపక్కన చేరి, "నీ వంట కుక్క కూడా ముట్టదే," అని మెల్లగా అంది.

ఆ మాటకు ఇల్లు పీకి పందిరి వేయాల్సిన మనిషి దుప్పటి అంచులు కలుపుకుంటోంది. మేనత్త కుడిపక్కకొచ్చి మళ్లీ అదే అంది.

"నీ వంటకేమో జనం క్యూ కట్టారు మరి!" అని గయ్యిమన్న మేనకోడలు, అత్త మొహం చూసి ఆగిపోయింది.

"ఎన్నాళ్లయిందే?"

"ఏది?"

"నా దగ్గరా నాటకాలు? నిచ్చెన ఇవాళ బండరాయిలా పడింది. నువ్వేమో బాగుందన్నావు. ఎల్లుండే మ్యాచ్. దాని మోకాలు పుటుక్కుమంటే నువ్వు అతికిస్తావా?"

బరువులక్క దుప్పటితో సహా కూలబడింది. "ఎడమచెవి పోయింది, కుడిదానికి దూరపు చప్పుళ్లు అందట్లేదు. అవే సర్దుకుంటాయిలే అనుకున్నాను అత్తా."

"వినపడకపోతే కళ్లున్నాయిగా! ఇటు తిరిగి చూడొచ్చుగా!"

"తిరిగితే, ఎందుకు తిరిగావంటారు."

ఆ మాట తన చెవికే ఎంత సిగ్గుమాలినట్టు వినిపించిందో, తల దించుకుంది.

"కోచ్‌కి ఫోన్ చెయ్."

"ఫోన్లో కాదు. పొద్దున్నే ఎదురుగా చెబుతాను. నిచ్చెన సంగతీ, నా చెవి సంగతీ." అత్త చెయ్యి పట్టుకుంది. "నువ్వూ రా. తీరా వెళ్లాక పరువుకు పోయి మాట మారుస్తానేమో. జలుబు చేసిందనో, హాల్లో గోలగా ఉందనో అంటాను. నేనలా నసిగితే జాలిపడకు. ఆ పిల్లల ముందే, కోచ్ ముందే, ఉన్నదున్నట్టు నువ్వు చెప్పెయ్."